కంపు తెలిసిన మనిషి

శ్రావణంలో ఒక ఉదయం పోలమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, అమ్మ పోనాది. వాన ఆగట్నేదు. నాలుగు కర్రలూ ఒక టార్పాలినూ అంపగలవేటి?"

ఏడవడం లేదు. ఏడుపుకి ముందు శవం తడవకుండా చూసుకోవాలి కదా.

ఒడియా, తెలుగు కలిసి వినపడే మా ఊళ్ళో, గేట్ బజార్‌లో నాది టెంట్ హౌస్. పెళ్ళికీ, చావుకీ, మీటింగ్‌కీ మా దగ్గర కర్రలు అవే, తాళ్ళు అవే. పైన కట్టే గుడ్డ రంగు ఒక్కటే మారుతుంది. ఆ రోజు కుర్రాళ్ళని పంపకుండా వ్యాన్‌లో నేనే బయల్దేరాను. హల్దియాపదర్‌లో మా ఇంటి ముందు ఆగి ఒక కొత్త టార్పాలిన్ వేసుకున్నాను. చమఖండి దాటి ఉప్పు కాలువ గట్టు ఎక్కేసరికి వ్యాన్ అద్దాలు మూసి ఉన్నా కంపు లోపలికి వచ్చేసింది. ఎండాకాలంలో ఆ కంపు నేల మీద పడుకుని ఉంటుంది. వాన పడితే లేచి నిలబడుతుంది.

గుడిసె చూరు కింద చాప మీద పోలమ్మ తల్లిని పడుకోబెట్టారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు, వలల పని మానుకుని వచ్చిన ముసలివాళ్ళు ఇద్దరు. కాలువ కమిటీ నుంచి ఒక్కడూ రాలేదు. ఆమె మెడలో అన్ని దండలు వేసి, ఆమె పక్కన నిలబడి అన్ని ఫోటోలు దిగినవాళ్ళు, ఒక్క పూవు పంపలేదు. నేను కర్రలు పాతి టార్పాలిన్ లాగి కట్టాను. పోలమ్మ తన తల్లి ముఖం మీది తుంపరలు కొంగుతో తుడిచి, అప్పుడు ఏడిచింది.

ఆ తల్లి పేరు ఇక్కడ రాయను. పేపర్లలోనూ ఫ్లెక్సీల మీదా ఆమె పేరు చాలాసార్లు పడింది, పడినప్పుడల్లా తప్పే. ఆమెని అడిగి రాసినవాడు లేడు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

నేను ఆమెని మొదటిసారి చూసింది ఒక పరదా వెనక.

ముందు ఆ కాలువ గురించి చెప్పాలి. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఉప్పు మడులుండేవి. ఓడలేమో గోపాల్‌పూర్ రేవులో నిలబడేవి. మధ్యలో ఉప్పు మోయడానికి తెల్లవాళ్ళ కాలంలో ఈ కాలువ తవ్వారని మా పెద్దలు చెప్పేవారు. తరవాత ఉప్పు రైలెక్కింది. పడవలు ఆగిపోయాయి. కాలువలోకి ఇసుక వచ్చింది, ఇసుక మీదికి ఊరి మురుగు వచ్చింది, ఆ పైన రొయ్యల చెరువుల మందు నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు అందులో థర్మోకోల్ పెట్టెలూ, ఉబ్బిన కుక్కలూ తేలుతుంటాయి. గట్టు పొడుగునా జనం కూచుని లేచిన గుర్తులు. నీళ్ళు కదలవు. మీద ఒక ఆకుపచ్చని తోలు కట్టి ఉంటుంది, గాలి బుడగ వస్తే అది పుండులా పగులుతుంది.

ఈ కాలువని మళ్ళీ బతికిస్తాం, పర్యాటకుల పడవలు నడిపిస్తాం అని ఒక కమిటీ లేచింది. దాని సెక్రటరీ రొయ్యల చెరువుల ఆసామి. మంచి మాటకారి, తెల్లటి లాల్చీ మనిషి. ఆయన చెరువుల నీళ్ళు లావుపాటి గొట్టంలోంచి నేరుగా వచ్చి పడేది ఈ కాలువలోనే. మొదటి శంకుస్థాపనకి షామియానా, మైకు ఆర్డరు నాకిచ్చాడు.

"స్టేజి వెనకాల ఎత్తుగా పరదా కట్టు. కాలువ కనపడకూడదు," అన్నాడు.

"మీటింగే కాలువ గురించి కదా సార్?"

"ఫోటోల్లో బాగోదు. పెద్దలు వస్తున్నారు."

కట్టాను. బ్లీచింగు చల్లించారు. అగరుబత్తీలు కట్టలు కట్టలుగా వెలిగించారు. మురుగు మీద బ్లీచింగు, దాని మీద అగరుబత్తి, పైన పన్నీరు. ఈ నాలుగూ కలిస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మా కుర్రాడొకడు వెళ్ళి వాంతి చేసుకుని వచ్చాడు.

పరదా ముడులు చూద్దామని వెనక్కి వెళితే, పరదాకీ కాలువకీ మధ్యనున్న ఇరుకులో ఒక ముసలమ్మ గొంతుక్కూచుని ఉంది. పిలిచేదాకా అక్కడ ఉండమన్నారట. చిన్న మనిషి. ఎండిన చేపలా నల్లగా, గట్టిగా ఉంది. నోట్లోంచి చుట్ట తోక ఒక్కటే బయటికి కనిపిస్తోంది. నిప్పు లోపలుంది. అడ్డచుట్ట. మా వైపు ముసలమ్మలు ఇలా కాల్చేవారు గానీ, అప్పటికే అది అరుదైపోయింది.

ఆమె నా పరదా అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఈ గుడ్డ నిన్న ఏ పెల్లిలోన కట్టినావు బాబూ?"

"ఎలా తెలిసింది?"

"తిన్నోల్లు సేతులు తుడుసుకున్నారు. పలావు వాసన." తరవాత నా చెయ్యి లాక్కుని వాసన చూసింది. "తాడు, కిరసనాయిలు. కష్టపడే సెయ్యే. కూకో."

వాసన చూడకుండా ఆమె దేన్నీ నమ్మేది కాదు. మనిషినైనా, చేపనైనా, మాటనైనా.

కాసేపటికి ఆమెని స్టేజి ఎక్కించారు. సెక్రటరీ అప్పటికే మన పూర్వీకుల ఓడలు ఈ కాలువలోంచే దూరదేశాల దీవులకి వెళ్ళాయని ఒడియాలో ఉపన్యాసం దంచేశాడు. మోకాలి లోతు పడవలు తిరిగిన కాలువలో ఓడలు! జనం చప్పట్లు కొట్టారు. ఆమె చేతికి మైకు ఇచ్చారు. ఆమె చుట్ట తీసి, నిప్పు చూసుకుని, తెలుగులో మాట్లాడింది.

"ఓడలు నాను సూడ్నేదు. నాను సూసినవి ఉప్పు పడవలు. గాలుంటే తెరసాప, గాలి నేకపోతే మేం. గట్టు మీద నడుసుకుంటా, బుజానికి తాడేసుకోని లాగీవోలం. ఎడ్లని కట్టీవోరు కాదు. ఎడ్లకైతే మేతెయ్యాల గదా."

సెక్రటరీ మైకు అందుకున్నాడు. వచ్చిన పెద్దలకి తెలుగు రాదు. ఆయన వాళ్ళ వైపు తిరిగి ఒడియాలో, "ఈ ముసలి తల్లి ఏమంటోందంటే, ఈ కాలువ నా కన్నతల్లి, ఇందులో మళ్ళీ ఓడలు తిరిగితే చూసి కళ్ళు మూస్తాను, అయ్యగారికి నా దీవెనలు అంటోంది," అన్నాడు. గొంతులో తడి కూడా తెచ్చుకున్నాడు.

చప్పట్లు. ఆమె తల తిప్పి అతని వంక చూసింది. అతను అనుకున్నదేమిటంటే ఆమెకి ఒడియా రాదని. ఎన్నో ఏళ్ళుగా ఒడియావాళ్ళకి చేపలమ్మిన మనిషి. అతనికంటే బాగా వచ్చు.

కిందికి దిగాక ఆమె పరదా వెనక్కి వెళ్ళి, వంగి గుప్పెడు ఇసుక తీసుకుని, అతను పట్టుకుని దింపిన చేతిని రాసి రాసి తోమింది. నీళ్ళు పోసుకోలేదు. ఇసుకే ఆమెకి సబ్బు. అసహ్యం వేసినప్పుడల్లా ఇసుకతో తోముకోవడం ఆమె అలవాటు. తరవాత చాలాసార్లు చూశాను.

ఆ సాయంత్రం మా వ్యాన్ గట్టు మీద బురదలో దిగబడితే ఆమె, పోలమ్మ వచ్చి చక్రాల కింద కొబ్బరి మట్టలు వేశారు. అప్పటినుంచి ఎండుచేపలు ఆమె దగ్గరే కొనడం మొదలుపెట్టాను.

వారానికోసారి ఆమె గంప పెట్టుకుని ఆటోలో గేట్ బజార్‌కి వచ్చేది. ఒకసారి నేనూ అదే ఆటో ఎక్కాను. ఎదురుగా కూచున్న ఒకావిడ చీర కొంగుతో ముక్కు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుంది. డ్రైవరు కూడా, "మాఉసీ, గంప మీద ఏదైనా కప్పు," అని విసుక్కున్నాడు.

ముసలమ్మ ఆవిడ వైపు వంగింది. "అమ్మా, నువ్వు పూసుకున్న సెంటు నాకు కడుపులో తిప్పతంది. నాను ముక్కు మూసుకున్నానేటి?"

ఆవిడ ఆటో దిగి వేరే ఆటో ఎక్కింది. ముసలమ్మ నా వైపు తిరిగి తీరిగ్గా చెప్పింది.

"సేప కంపు కంపు కాదు బాబూ. అది కూడు. పేడ కంపు కంపు కాదు, అది పొలం. పసిగుంట ఉచ్చ కంపు కాదు. శవం కంపయినా రెండ్రోజులే, మట్టి తినేస్తాది. మనిషి సేసి, సేసినట్టు ఒప్పుకోడు సూడు, అదీ కంపు. అది పోదు."

మంచి మనిషి అని ఆమె గురించి నేను చెప్పను. నోరు చెడ్డది. పోలమ్మ మొగుణ్ణి అందరి ముందూ తిట్టి తిట్టి ఇంట్లోంచి తరిమేసింది. వాడు మళ్ళీ రాలేదు. పోలమ్మ దాని గురించి ఎప్పుడూ మాట్లాడదు. ఇరుగుపొరుగు పిల్లలు చేపలు ఎండబెట్టిన వల తొక్కితే కర్ర విసిరేది. నేను ఒకసారి మిఠాయి పట్టుకెళితే పొట్లం విప్పి, వాసన చూసి, "పాత నూనె. మీ ఇంట్లో కుక్కుంటే ఎయ్యి," అని తిరిగిచ్చేసింది. అయినా వెళ్ళేవాణ్ణి. రోజంతా ఉపన్యాసాలకి మైకు పెట్టే నాకు, మాటకీ అర్థానికీ మధ్య పరదా లేని మనిషి దగ్గర కూచుంటే ఒళ్ళు తేలికపడేది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం గుడిసె ముందు కూచున్నాం. పోలమ్మ పనికి వెళ్ళింది. ఆమె చేపలు తిరగేస్తోంది. నేను ఊరికే అడిగాను, నోరు కాలదా పెద్దమ్మా, నిప్పు లోపల పెట్టుకుంటే అని.

ఆమె వల చివరిదాకా తిరగేసి వచ్చి కూచుంది.

"అప్పటికి నాకు పైటెయ్యడం కొత్త. అమ్మా నానూ ఒకే తాడుకి. తాడు రాసి బుజం సిట్లీది, దాని మీద ఉప్పు నీల్లు పడీవి. అది సరే, అందరికీ ఉన్నదే. రేవుకాడికి సేరినాక జవాన్లుండీవోరు. ఉప్పు దొంగతనం సేస్తామంట. కొంగు దులుపు అనీవోడు. దులిపీవోలం. జుట్టిప్పు అనీవోడు. ఇప్పీవోలం. ఆ మీదట నోరు తెరు."

"నోరా?"

"నోట్లోన ఉప్పుగడ్డ దాసుకుంటామంట. ఏలెట్టి తిప్పీవోడు. బుగ్గ కింద, నాలిక కింద, గొంతుదాకా. అందరికీ ఒకటే ఏలు. మా అమ్మ నోట్లోంచి తీసి నా నోట్లో ఎట్టీవోడు. కడగడు, తుడవడు." ఆమె పక్కకి ఉమ్మింది. "ఆ ఏలు రుసేటో తెలుసా నీకు? ఉప్పే. పొద్దల్లా ఉప్పు ముట్టుకునీవోడు గదా. దొంగసరుకు ఆడి ఏలి మీదే ఉండీది."

నా నోట్లో కూడా ఏదో తిరుగుతున్నట్టుంది.

"మా మేనత్త ఉండీది. గుంటా, నిప్పున్న నోట్లో ఏలెట్టీ మొగోడు ఇంకా పుట్నేదే అంది. ఆ మర్నాడే అడ్డసుట్ట పట్టినాను. వాంతొచ్చింది, నోరు పొక్కింది. మాన్నేదు. రేవుకాడ ఆడు నోరు తెరు అన్నాడు. తెరిసినాను. లోపల ఎర్రగా నిప్పు. ఆడు సూసి ఎనక్కి జరిగినాడు. మరింక నా జోలికి రానేదు."

నేను అడిగాను, "అయితే ఉప్పు నిజంగా ఎప్పుడూ తేలేదా పెద్దమ్మా?"

ఆమె నవ్వింది. పళ్ళు లేని ఆ నోరు నవ్వితే ముఖమంతా ముడుచుకుపోయేది. "తేకపోతే కూరలోకెలాగ? నిప్పు ఎనకాతల ఎట్టుకోని తెచ్చీదాన్ని."

ఆ తరవాతి వేసవిలో మళ్ళీ మీటింగ్. పాత శంకుస్థాపన రాయి పక్కన కొత్త రాయి. కాలువలో మాత్రం ఒక్క తట్ట మట్టి తియ్యలేదు. ఈసారి వచ్చిన పెద్దలు ఇంకా పెద్దవాళ్ళు, కాబట్టి పరదా ఇంకా ఎత్తు. ఆమెని మళ్ళీ కూచోబెట్టారు. శాలువా కప్పారు. ఆమె దాన్ని వాసన చూసి, మడతపెట్టి కుర్చీ చేతి మీద వేసింది. మైకు ఇవ్వగానే తెలుగు మాట్లాడలేదు. నేరుగా ఒడియాలో మొదలుపెట్టింది.

తాడు గురించి చెప్పింది. కొంగు దులపడం చెప్పింది. జుట్టు విప్పడం చెప్పింది. ముందు వరసలో ఉన్న పెద్దలు మొదట తలలూపారు, చిరునవ్వులు నవ్వారు. నోరు తెరవడం దగ్గరికి వచ్చేసరికి ఒకాయన రుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. ఇంకొకాయన ఫోను చూసుకోసాగాడు. వేలు గురించి చెప్పబోతుండగా మైకు ఆగిపోయింది. నేను గాభరాగా సౌండ్ బాక్సు వైపు చూశాను. సెక్రటరీ స్టేజి పక్కకి వచ్చి తన చేత్తో వైరు లాగేశాడు. వైరు అతని చేతిలోనే ఉంది.

ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. మైకు లేకుండా ఆమె మాట మొదటి వరస దాకా కూడా పోలేదు. చెప్పడం ముగించి, తనే లేచి మెట్లు దిగింది.

పరదా వెనక సెక్రటరీ ఆమెని నిలదీశాడు. ఈసారి తెలుగులోనే. "పెద్దవాళ్ళ ముందు అలాంటి అసహ్యమైన మాటలు మాట్లాడొచ్చా నువ్వు?"

"ఏలెట్టినోడికి అసయ్యం నేదు. సెప్పినదానికి అసయ్యమేటి?"

"ఆ రోజులు వేరు. కాలువ గొప్పతనం చెప్పమని పిలిస్తే..."

"ఆ గొట్టం నీదే గదా?" ఆమె కాలువలోకి నురగ కక్కుతున్న గొట్టం వైపు చెయ్యి చూపింది. "నువ్వూ ఏలెట్టినోడివే."

అతను వెళ్ళిపోయాడు. ఆమె వంగి ఇసుక తీసుకుంది.

ఇక పిలవరనుకున్నాను. పిలవకుండా ఉండలేకపోయారు. అప్పటికే ఆమె ముఖం ఫ్లెక్సీల మీదికి ఎక్కింది. కాలువ అంటే ఆమె ముఖం అయిపోయింది. ఆ ఫ్లెక్సీ ఒకటి గాలికి ఊడిపోతే పోలమ్మ తెచ్చి గుడిసె కప్పు మీద పరిచింది, కారకుండా. ముసలమ్మ నిచ్చెన ఎక్కి దాన్ని తిరగేసి పరిచింది. "నా మొకం మీద కాకులు రెట్టెయ్యాలేటి?"

ఆ చలికాలం గట్టు మీది గుడిసెలన్నిటికీ ఎర్ర రంగుతో గుర్తులు వేసి పోయారు. గట్టు అందంగా చేస్తారట, బెంచీలు వేస్తారట, గుడిసెలు తీసెయ్యాలట. ఆమె గుడిసె తలుపు మీద కూడా ఎర్ర గుర్తు. ఆమె దాన్ని గోటితో గీకి వాసన చూసింది. పోలమ్మ పనిచేసేది సెక్రటరీ గారి రొయ్యల షెడ్డులో. పొద్దున్నుంచి రొయ్యల తలలు తుంచే పని. చేతులు తెల్లగా నాని, వేళ్ళ చివర తోలు ఊడిపోయి ఉండేవి. తరవాతి మీటింగ్‌కి ముందు పోలమ్మని షెడ్డులో పక్కకి పిలిచి, మీ అమ్మ బుద్ధిగా కూచుంటే గుర్తు సంగతి చూద్దాం, నీ పనికీ ఢోకా ఉండదు అన్నారట.

ముసలమ్మ వచ్చింది. పరదా వెనక అదే ఇరుకులో గొంతుక్కూచుని ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

"ఎందుకొచ్చావు పెద్దమ్మా?" అన్నాను.

"నా కూతురు కూడు ఆడి గుమ్మంలో ఉంది బాబూ." కాలువ వైపు చూసి, "ఇప్పుడు నాను లాగతన్నది ఆడి పడవ," అంది.

స్టేజి మీద ఆమె నోరు మూసుకుని కూచుంది. దండ వేశారు, వంగలేదు. శాలువా కప్పారు, వాసన చూడలేదు. మైకు పెట్టారు. ఆమె తల అడ్డంగా ఊపింది. సెక్రటరీ మైకు తీసుకుని, "ఆనందంతో మాటలు రావడం లేదు మా అమ్మకి," అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో పడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయని కింద రాశారు. అగరుబత్తి పొగకి వచ్చిన నీళ్ళవి.

తరవాత కొన్నాళ్ళకి చేపల కోసం వెళితే పోలమ్మ తన తల్లి చేతులు నాకు చూపించింది. మోచేతుల దాకా తోలు లేచిపోయి ఉంది. "పొద్దల్లా ఇసకతో తోమతంది బాబూ. ఒద్దంటే ఇనదు." ముసలమ్మ ఆ చేతులతోనే చేపలు తిరగేస్తోంది. ఉప్పు తగులుతుంటే ముఖంలో ఏ మార్పూ లేదు.

ఆ తరవాత ఆమె ఎక్కువ మాట్లాడింది నీళ్ళ గురించే. గట్టు మీది బోరింగు నీళ్ళు కంపు కొడుతున్నాయి, తాగకండి అని గుడిసె గుడిసెకీ చెప్పింది. ఎవరో వచ్చి సీసాలో పట్టి, ఎండలో ఎత్తి చూసి, తేటగానే ఉన్నాయి కదా అని వెళ్ళిపోయారు. ఆమె తాగలేదు. పోలమ్మ చేత ఊళ్ళోంచి బిందె మోయించింది. వానలకి గట్టు దారి మునిగిపోయి పోలమ్మ ఊళ్ళోకి వెళ్ళలేకపోయింది. అప్పుడు తాగక తప్పలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే దారి లేదు. నీళ్ళు తీసి దారి తేలేసరికి ఆమె పోయింది.

శవాన్ని ఎంత శుభ్రంగా కడిగినా కాలువ కంపు ఆమె దగ్గర నుంచి పోలేదు. నేను అక్కడే ఉన్నాను, నాకు తెలుసు.

పుష్యంలో మళ్ళీ ఆర్డరు వచ్చింది. ఇంకొక రాయి. వెళ్ళకూడదనుకున్నాను, మా ఆవిడ కూడా వద్దంది. కానీ చివరికి ఏమవుతుందో చూడాలనిపించి వెళ్ళాను. కుర్చీలు నింపడానికి రొయ్యల షెడ్డు ఆడవాళ్ళనందరినీ బస్సులో తెచ్చారు. వాళ్ళ మధ్యలో పోలమ్మ ఉంది.

సెక్రటరీ మైకు తీసుకున్నాడు. ఎప్పటిలాగే తప్పు పేరు చదివాడు. ఉప్పు కాలువ తల్లి, ఈ గట్టు మీద పడవలు లాగిన వీరవనిత, మన మధ్యనే ఉన్నారు అన్నాడు. ఒక ముసలమ్మని రెక్క పట్టుకుని స్టేజి ఎక్కించారు.

నేను నా కళ్ళని నమ్మలేదు. గేట్ బజార్‌లో విస్తరాకులు కుట్టి అమ్మే ఒడియా ముసలామె. నేనే పెళ్ళిళ్ళకి ఆమె దగ్గర ఆకులు కొంటాను. ఆమెకి ఉతికిన చీర కట్టి, శాలువా కప్పి, నోట్లో చుట్ట పెట్టారు. అదెలా పెట్టుకోవాలో ఆమెకి తెలీదు. నిప్పు బయటికుంది. పొగ మింగి దగ్గుతోంది. కళ్ళు బిత్తరగా తిరుగుతున్నాయి. సెక్రటరీ ఏదడిగితే దానికి చిత్తం అన్నట్టు, "ఆజ్ఞా, ఆజ్ఞా," అంటోంది. కెమెరాలు మెరుస్తున్నాయి. చచ్చినా వదలలేదు వీళ్ళు! ఆ రోజు కాలువ కంపు నాకు తెలియనే లేదు.

పోలమ్మ లేచింది. కుర్చీల మధ్యలోంచి నడిచి వచ్చి మెట్లెక్కింది. సెక్రటరీ ముఖం పాలిపోయింది. గొడవ జరుగుతుందని జనం మెడలు సాచారు. పోలమ్మ ముసలామె ముందు నిలబడి చాలాసేపు చూసింది. ముసలామె దగ్గుతూ, భయపడి చేతులు జోడించింది. పోలమ్మ ఆమె నోట్లోంచి చుట్ట తీసి అవతల పారేసింది.

"తిన్నావా?" అని ఒడియాలో అడిగింది.

ముసలామె తల అడ్డంగా ఊపింది.

"పద."

చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. సెక్రటరీ అప్పటికే తేరుకున్నాడు. మైకులో, "చూశారా! కూతురు తల్లిని ఎంత ప్రేమగా తీసుకెళ్తోందో!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నా బాక్సుల్లోంచి రెండింతలై గట్టు మీద పడ్డాయి.

నేను వాళ్ళ వెనకే గుడిసె దాకా వెళ్ళాను. దారిలో పోలమ్మ తన తల్లి పోయిన సంగతి ఆమెకి చెప్పింది. పోలమ్మ అన్నం పెట్టి, ఎండుచేప కాల్చి పక్కన వేసింది. ముసలామె శాలువా తీసి ముందు పెట్టింది. ఇద్దరూ ఒడియాలోనే మాట్లాడుకున్నారు.

"నాకు తెలీదమ్మా. ముసలివాళ్ళకి సన్మానం అన్నారు, వ్యానెక్కమన్నారు. ఇది చనిపోయినామె చోటని ఎవరూ చెప్పలేదు. ఇది నీదే."

"ఉంచుకో. చలికి పనికొస్తాది."

ముసలామె అన్నం కలిపి, ముద్ద చేసి, నోటిదాకా తెచ్చి ఆపింది. "మళ్ళీ పిలుస్తామన్నారు. రాకపోతే బజార్లో కూచోనివ్వరేమో. మీ అమ్మ ఏం చేసిందో నాకు చెప్పవా? నేను లాగని తాడు లాగానని తలూపాను. ఒళ్ళు జలదరిస్తోంది."

పోలమ్మ గుమ్మం దగ్గరున్న నన్ను చూసింది. తరవాత ముసలామె పక్కన కూలబడింది.

"తింటా ఇను," అంది.

చెప్పబోయింది. బయట నా బాక్సులు కాలువ మహిమని అరుస్తున్నాయి. పోలమ్మ మొదటి మాట అందులో కొట్టుకుపోయింది. రెండోసారి గొంతు పెంచింది. అదీ పోయింది. ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

నేను లేచి వెళ్ళి జనరేటర్ ఆపేశాను. స్టేజి మీద సెక్రటరీ నోరు తెరిచి మూస్తున్నాడు. ఏమీ వినపడటం లేదు. అతను నా మీద కేకలేస్తున్నాడని చేతులు చూస్తే తెలుస్తోంది. నేను తాళం జేబులో వేసుకుని గుడిసె వైపు నడిచాను. పోలమ్మ గొంతు గట్టు మీదిదాకా స్పష్టంగా వినిపిస్తోంది.